అద్దంలో టోపీ దొర

మా ఆయన మల్లేశానికి గోల్ఫ్ పిచ్చి పట్టిన ఏడాదే మా అత్తమ్మ రుక్కమ్మ నా బిడ్డ ఎడమచేతికి పాత ధోవతి పీలిక కట్టింది. రెండింటికీ నేను ఏడ్చాను. కాకపోతే మొదటిది నవ్వుతూ ఏడ్చిన ఏడుపు, రెండోది కడుపులోంచి వచ్చినది.

నా బిడ్డ తృప్తికి అప్పుడే నాలుగేళ్లు నిండాయి. ముద్ద తీసుకున్నా, సుద్దముక్క పట్టుకున్నా, పువ్వు కోసినా పుర్రచెయ్యే ముందుకొచ్చేది. మేడ్చల్‌లో మా ఇంటి ప్రహరీ గోడంతా దాని బొమ్మలే. కోళ్లు, బర్రెలు, రైలుబండి, ఆ రైలెక్కి కూర్చున్న వాళ్ల అవ్వ. బొమ్మలో ఉన్న అవ్వ నవ్వుతూనే ఉండేది గానీ అసలు అవ్వకు మాత్రం ఆ చెయ్యి చూస్తే కంపరం.

"ఎడమసేత్తోని అన్నం దింటె ఇంట్ల లచ్చిమి నిలుస్తదా? రేపు నలుగుట్ల నవ్వులపాలైతది పిల్ల," అనేది.

వసంత పంచమికి అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. ఆలోపు చెయ్యి మార్చి తీరాలని ఆమె పట్టు. పీలికతో మణికట్టు కట్టి, కొసను పిల్ల గౌను నడుముకు ముడేసేది. నేను విప్పేదాన్ని, ఆమె మళ్లీ కట్టేది. తృప్తి కొన్నాళ్లు ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసి, మాట్లాడటం కూడా తగ్గించింది. గోడ మీద కొత్త బొమ్మ రావడం ఆగిపోయింది. అది చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

"నీ తల్లికి నువ్వు జెప్పవయ్యా," అని మా ఆయన వెంటపడ్డాను.

"అమ్మకు నేనెట్ల జెప్తనే?" అనేవాడు. అన్నదమ్ముల భూమి పంచాయితీలు తెంపే మనిషి, మండలాఫీసులో బల్ల గుద్ది మాట్లాడే మనిషి, తల్లి ముందు మాత్రం పిల్లి.

ఇక గోల్ఫ్ సంగతి. కండ్లకోయలో మా భూమి ప్లాట్లయ్యాక ఆయనకు కొత్త స్నేహాలు పెరిగాయి. వాళ్లలో హేమచంద్ గారొకరు. కాకినాడ వైపు మనిషి, ప్రభుత్వ కంపెనీలో ఇంజినీరు, బహదూర్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఆ గృహప్రవేశానికి వెళ్లినప్పుడు వాళ్ల టీవీలో గోల్ఫ్ క్యాసెట్టు ఆడుతోంది. మా ఆయన భోజనం విస్తరి వదిలేసి టీవీ ముందు నిలబడిపోయాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆ క్యాసెట్టు అడిగి మరీ తెచ్చుకున్నాడు.

క్యాసెట్టులో ఉన్నది ఒక్కడే మనిషి. ఆ ఆటలో అంతటి మొనగాడు ఇంకొకడు పుట్టలేదట. ఆ పేరు నా నోరు తిరగదు. తెల్లటోపీ పెట్టుకునేవాడు కాబట్టి మా ఇంట్లో ఆయన టోపీ దొర.

రోజూ పొద్దున చాయ్ తాగగానే మా ఆయన టీవీ ఎదురుగా నిలబడేవాడు. చేతిలో అత్తమ్మ చేతికర్ర, తలకిందులుగా. కింద నిమ్మకాయ. టోపీ దొర కర్ర ఎత్తితే ఈయన ఎత్తేవాడు, దొర తిరిగితే ఈయన తిరిగేవాడు. అత్తమ్మ బయటికి పోదామంటే కర్ర ఉండేది కాదు. నాకు పప్పులోకి పిండుకుందామంటే నిమ్మకాయ ఉండేది కాదు.

"ఏందయ్యా గీ కత? మతి గిట్ల తప్పిందా?" అన్నానొకరోజు.

"నువ్వు ఒక్కపారి సక్కగ సూడే," అని బొమ్మను ఆపి, నడిపించి, మళ్లీ ఆపి చూపించాడు. "తల జూడు. ఏమన్న మెదుల్తాందా? మెదలదు. ముంగట నడుము తిరుగుతది. ఎనక భుజాలు. సేతులు ఆఖరికి. బలం జేత్తుండా? చెయ్యడు. గాయినకు పరేషానే లేదు."

తిట్టుకుంటూనే చూశాను. నిజం చెప్పొద్దూ, బాగుంది. ఆ మనిషి దేనికీ తొందరపడడు. బంతిని కొట్టాలన్న కోపం ఎక్కడా కనపడదు. చాటతో బియ్యం చెరిగేటప్పుడు మణికట్టు ఎక్కడ విదల్చాలో నాకెవరూ చెప్పలేదు, చేతికే తెలుసు. దొర ఒళ్లంతటికీ అట్లా తెలుసనిపించింది. కొట్టేశాక కర్ర మెడ వెనక్కి పోయి ఆగేది. ఆయన బొడ్డు బంతి పోయిన దిక్కుకు తిరిగి ఉండేది, ముఖంలో హాయి. ఆ తర్వాత నుంచి నేనూ చాయ్ గ్లాసు పట్టుకుని ఆ ముక్క కోసం వచ్చి నిలబడేదాన్ని.

వానకాలం పోయి చలికాలం వచ్చేసరికి మా ఆయన ఒంట్లోకి ఆ స్వింగు దిగిపోయింది. మామూలుగా ఆయనది బిర్రబిగుసుకున్న ఒళ్లు. నడకలో, నిలబడటంలో ఎప్పుడూ ఎవరో వెనక నుంచి గదుముతున్నట్టు ఉండేవాడు. కర్ర ఊపే ఆ ఒక్క క్షణం మాత్రం వేరే మనిషి. నాకు పెళ్లయిన కొత్తలో కూడా ఆయన అంత అందంగా కనపడలేదు, ఒట్టు.

ఒక ఆదివారం హేమచంద్ గారు మమ్మల్ని కౌకూర్ అవతల తాము ఆడే మైదానానికి తీసుకెళ్లారు. తృప్తి నా చంకలో ఉంది. మా ఆయన కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లి, నిజం గోల్ఫ్ స్టిక్కు చేతిలోకి తీసుకుని బంతి పక్కన నిలబడ్డాడు.

"అటు కాదండీ మల్లేశం గారూ, ఇటు రండి," అన్నారు హేమచంద్ గారు. "స్టిక్కు ముఖం ఇటు కదా ఉంది. మీరు నిలబడ్డ వైపు నుంచి కొడితే దాని వీపుతో కొట్టినట్టు."

ఈయన తికమకపడి ఇటు వచ్చాడు. చేతులు మార్చి పట్టుకున్నాడు. ఊపాడు. గడ్డి పెళ్ల లేచింది గానీ బంతి లేవలేదు. ఇంకోసారి ఊపితే బంతి అక్కడే ఉంది, మా ఆయనే కింద కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

హేమచంద్ గారు నవ్వలేదు, మంచి మనిషి. "టీవీకి ఎదురుగా నిలబడి నేర్చుకున్నారా?" అని అడిగారు.

"మరి ఇంకెట్ల నేర్సుకుంటం సారూ?"

"అదండీ సంగతి! అద్దంలో బొమ్మను చూసి చేసినట్టు చేశారు. ఆయన కుడి మీకు ఎడమైపోయింది. మీరు ఇన్నాళ్లూ నేర్చుకున్నది ఎడమచేతి వాటం స్వింగండీ. ఏం ఫర్వాలేదు, తిప్పి నేర్చుకోండి."

తిప్పి నేర్చుకోవడానికి మా ఆయన ఏం చేశాడో తెలుసా? నా డ్రెస్సింగ్ టేబుల్‌ను హాల్లోకి ఈడ్చి, టీవీకి వీపు పెట్టి, అద్దంలో పడిన టోపీ దొరను చూసి మొదలుపెట్టాడు. వారం పాటు నేను స్టీలు పళ్లెంలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకున్నాను. ఇంతా చేస్తే కుడిచేతి స్వింగు రాలేదు. నడుము ఒకవైపు, చేతులు ఒకవైపు. మళ్లీ పాత బిర్రబిగుసుకున్న మల్లేశమే.

"మొదటిదే మస్తుగుండె. దాన్నెందుకు ఇడిసిపెట్టినవ్?" అన్నాను.

"గది ఎడమసేతిది."

"అయితేంది?"

ఆయన తన ఎడమ మణికట్టు వైపు చూసుకున్నాడు. అక్కడ వేలెడంత మచ్చ. చిన్నప్పుడు దీపావళికి పటాకి పేలిందని పెళ్లయినప్పుడే చెప్పాడు.

గడప దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తమ్మ తల ఎత్తకుండానే అందుకుంది. "వాడు సుత సిన్నగున్నప్పుడు గిట్లనే పుర్రసెయ్యి సాపుతుండె. ఎంత జెప్పినా ఇనకపాయె. అట్లకాడ కాల్సి ఒక్క వాత వెట్టిన. దెబ్బకు దారికొచ్చిండు. మాట ఇనకుంటె దీనికి సుత గంతే మరి. పంచమి లోపట్నే అయిపోవాలె."

గొప్పగా చెప్పింది. కొడుకును బాగుచేసుకున్న తల్లిలా చెప్పింది. తృప్తి గోడకానుకుని పీలిక కట్టిన చేతితో కూర్చుంది. దానికెంత అర్థమైందో తెలియదు. మా ఆయన మాత్రం కర్ర మూలన పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

"నా బిడ్డను ముట్టుకుంటె బాగుండది అత్తమ్మా," అన్నాను. జీవితంలో ఆమెతో అట్లా మాట్లాడింది అదే మొదలు. ఆమె నన్ను చూసిన చూపుకు గోడ కూడా బీటలు వారాలి.

రెండ్రోజులకు హేమచంద్ గారు చాయ్‌కి వచ్చారు. మా ఆయన ఇంట్లో లేడు. "సారూ, ఎడమసేతోళ్లు ఆడే స్టిక్కు ఉంటదా?" అని అడిగాను. ఉంటుందట. కౌకూర్‌లో ఒక రిటైర్డ్ ఆఫీసరు దగ్గర చూశారట. అడిగి తెస్తానన్నారు.

తెచ్చారు. ఆ ఆదివారం శామీర్‌పేట దగ్గరున్న మా మామిడితోటకు అందరం వెళ్లాం. కోత కోసిన జొన్నచేను తోట దాకా ఖాళీగా ఉంది. అత్తమ్మ గట్టు మీద చాప వేయించుకుని కూర్చుంది. హేమచంద్ గారు సంచిలోంచి స్టిక్కు తీసి చేతికిస్తే మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని ముఖం ఈసారి సరైన వైపు ఉంది. ఒకసారి నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

ఆయన బంతి పక్కన నిలబడి ఊపాడు. తల మెదలలేదు. నడుము ముందు తిరిగింది, భుజాలు వెనక, చేతులు ఆఖరికి. టక్కుమని చిన్న చప్పుడు. బంతి లేచింది, లేస్తూనే ఉంది, మామిడిచెట్ల మీది నుంచి అవతలికి పోయింది. మా ఆయన కర్ర మెడ వెనక ఆగి ఉంది. ముఖంలో అచ్చం టోపీ దొర హాయి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"అబ్బ, నా కొడుకే!" అని అత్తమ్మ చప్పట్లు కొట్టింది. "గంత దూరం గొట్టినవ్! ఎవలు నేర్పిన్రు రా గిది నీకు?"

మా ఆయన కర్ర దించాడు. "ఎవ్వలు నేర్పలేదమ్మా. నువ్వు మాన్పిచ్చిన సెయ్యే గిది."

అరవలేదు, కోపంగా కూడా అనలేదు. అత్తమ్మ చప్పట్లు ఆగిపోయాయి. మర్నాటి నుంచి పీలిక కట్టలేదు గానీ, మా ఆయనతో మాట్లాడటమూ మానేసింది.

వసంత పంచమి రానే వచ్చింది. పంతులు పళ్లెంలో బియ్యం పరిచి, "బిడ్డ కుడిచెయ్యి పట్టి రాయించండి నాయనా," అన్నాడు. మా ఆయన తృప్తిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల తన రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. ఆయన మెల్లగా దాని ఎడమచెయ్యి ముందుకు తెచ్చి, దాని మీద తన ఎడమచెయ్యి వేశాడు. మచ్చ అందరికీ కనపడుతోంది.

"అది ఎడమచెయ్యి నాయనా," అన్నాడు పంతులు.

"ఎరికే పంతులూ."

అందరూ అత్తమ్మ వైపు చూశారు. ఆమె కర్ర ఊతంగా లేచి వచ్చింది. నేను పోట్లాటకు నోట్లో మాట సిద్ధం చేసుకున్నాను. ఆమె వంగి, బియ్యం పళ్లాన్ని పిల్ల ఎడమ వైపుకు జరిపింది.

"రాయనీ పంతులూ. రాసుడు గీ సేత్తోనే రాయనీ. అన్నం మాత్రం కుడిసేత్తోనే తినాలె, ఇప్పుడే జెప్తున్న."

అన్నం సంగతి తర్వాత తేల్చుకుందామని నేను నోరు మూసుకున్నాను. తండ్రీబిడ్డల చేతులు కలిసి బియ్యంలో ఓనమాలు దిద్దాయి. తృప్తి తండ్రి చెయ్యి తోసేసి, పక్కన తనంతట తానే ఒక కోడి బొమ్మ గీసింది.

అత్తమ్మ కొడుకు పక్కనే కూలబడింది. కుడిచేతి వేలితో ఆ మచ్చను తడిమింది.

"గప్పుడు నొప్పి లేసిందారా?"

పటాకి పేలిందని ఇన్నేళ్లూ అందరికీ చెప్పిన మనిషి తల వంచుకున్నాడు. "లేసిందమ్మా," అన్నాడు. "మస్తు లేసింది."

ఆమె ఆ చెయ్యి వదల్లేదు. పంతులు అక్షింతలు పంచుకుంటూ వస్తే, కుడిచెయ్యి కొడుకు మణికట్టు మీదే ఉంచుకుని ఎడమచెయ్యి చాపింది.