మెట్టుకొక పద్యం

ఫోను రికార్డింగులో మాట్లాడే ఆవిడ గొంతు చాలా మెత్తగా ఉంటుంది. "ఇప్పుడు మీ ఎడమ పాదాన్ని గమనించండి" అంటుంది. చాప మీద వెల్లకిలా పడుకున్న మా నాయన కళ్లు తెరవకుండానే జవాబు చెబుతాడు.

"అది యాడికి పోయిందో తెలీదు తల్లీ. పొద్దున్నించి కనపడ్లా."

వంటింట్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆ తరవాత కోపం తెచ్చుకుని కేకేస్తుంది. "ఊపిరి పనిలో ఉన్నప్పుడు మాట్లాడగూడదని నర్సమ్మ చెప్పింది కదా."

మా నాయన పేరు చెంగల్రాయుడు. నలభై రెండేళ్లు. నగరి దగ్గర మా ఊళ్లో బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. పోయిన ఏడాది వానాకాలంలో ఆయన ఎడమకాలికి తిమ్మిరి ఎక్కింది, మళ్లీ దిగలేదు. కొన్నాళ్లకు ఒక కన్ను మసకబారింది. తిరుపతి ఆసుపత్రిలో స్కానింగులన్నీ తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. నరాల మీది పొర అక్కడక్కడా ఊడిపోతోందని డాక్టరు చెప్పినప్పుడు నాయన అడిగాడు.

"పూత పోయిన వైండింగు తీగ మాదిరా సార్?"

"అంతే."

"అయితే తిరగ చుట్టేదానికి కాదా?"

ఊడింది చుట్టలేమన్నాడు డాక్టరు. కొత్తగా ఊడకుండా మందులతో ఆపడానికి చూద్దామన్నాడు.

ఊపిరి పని నేర్పింది అక్కడి నర్సు అమల. దాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారట. కాలు ఇప్పుడు ఎలా ఉందో, ఊపిరి ఎలా ఆడుతోందో, ఉన్నది ఉన్నట్టు చూడటం. "దీంతో జబ్బు పోదన్నా" అని ముందే చెప్పింది. "రేపు కాలు పడిపోతాదేమో అని ఈ పొద్దే పడిపోకుండా ఉంటావు, అంతే. ఇంగొక మాట. ఎండలో తిరగొద్దు. ఒళ్లు వేడెక్కితే ఆ కాలు మాట వినదు."

అమ్మ మొదట్లో దాన్ని పూజ అనుకుంది. దీపం వెలిగించి, కోళ్లను గంప కింద మూసి, టీవీ ఆపేసి, వాకిట్లో కూర్చుని కాపలా కాసేది. లోపల నాయన గురక పెట్టేవాడు.

పడుకుని చేసేదాని కంటే నడిచి చేసేది ఆయనకు బాగా కుదిరింది. అరుగు నుంచి మోటార్ల షెడ్డుకు పదిహేడు అడుగులు. ఒక్కొక్క అడుగు వేసి, ఆగి, కాలు ఆనిందో లేదో చూసుకుని, తరవాతి అడుగు. ఒకరోజు ఆయన పెదవులు కదలడం చూశాను.

"ఏం చెప్పుకుంటాండావు నాయనా?"

"పద్యం. కాలు ఆనినాక ఒగ పద్యం. అది అయినాకనే ఇంగొక అడుగు."

మా వైపు ఎండాకాలం పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది, కథంతా వేషాలు కట్టి ఆడతారు. అందులో ఒక రోజు అర్జున తపస్సు. మైదానంలో నలభై అడుగుల తాటిమాను పాతి, దానికి మెట్లు కొడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టుకొక పద్యం పాడుతూ చివరిదాకా ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కింద కొంగు పట్టుకుని నిలబడతారు. పద్నాలుగేళ్లుగా ఆ మాను ఎక్కేది మా నాయనే.

"మా గురువు ఒగటే చెప్పినాడు" అన్నాడు నాయన షెడ్డు గుంజ పట్టుకుని. "కాలు పెట్టిన మెట్టు సూడు. పైమెట్టు సూడగాకు, అది దానిపాటికి వస్తాది అని. ఆ నర్సమ్మ చెప్పేది కూడా అదే కదా పాపా. ఆసుపత్రికి పోయి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది."

ఆ మాట నాకు నచ్చింది. అది ఎక్కడికి దారి తీస్తుందో అప్పుడు తెలియలేదు. భారతం దగ్గరపడి ఈ ఏడు మాను ఎవరెక్కాలని ఊరి పెద్దలు అడగడానికి వస్తే, "ఎవురో ఎందుకు, నేనే ఎక్కతా" అన్నాడు.

అమ్మ ఫోను చేసి పిలిస్తే, రేణిగుంట గోడౌనులో పనిచేసే మా చిన్నాయన మునిచంద్ర పరుగెత్తుకొచ్చాడు. ఆరేళ్లుగా అన్న పక్కన కూర్చుని పద్యాలన్నీ నేర్చుకున్నాడు గానీ, మాను ఎప్పుడూ ఎక్కలేదు.

"వద్దన్నా. ఎండలో సగంలో కాలు ఆగిపోతే ఎవురు దించేది?"

"అయితే నువ్వెక్కు."

"నాకు మిద్దెక్కితేనే కళ్లు తిరగతాయి."

"మరి గమ్మునుండు."

అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు చెప్పు లోహితా. నీ మాటైతే ఇంటాడు. కిందపడితే మనిషి దక్కడు."

వద్దని చెప్పడానికే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన చేతిలో కొత్త దారం చుట్టిన విల్లు ఉంది. ఒక పక్క రంగు ఎక్కువైందని గుడ్డతో తుడుస్తున్నాడు. వద్దనలేక వేరే మాట అడిగాను.

"నాయనా, మెట్టు మీద నిలబడినాక కాలు ఏం చెబితే అది ఇంటావా?"

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "ఇంటా" అన్నాడు.

తపస్సు రోజు పదకొండు గంటలకే మైదానం పెనంలా కాలుతోంది. ఎందుకైనా మంచిదని అమ్మ పట్టుబట్టి చిన్నాయనకు కూడా వేషం వేయించింది. ఇద్దరూ కిరీటాలు పెట్టుకుని వస్తుంటే మా వీధి నాగరత్నమ్మవ్వ గట్టిగానే అంది. "ఈసారి పాండవులు ఆరు మందైనారే."

నాయన మొదటి మెట్టెక్కి పద్యం అందుకున్నాడు. గొంతు ఖంగుమంది. రెండో మెట్టు. మూడో మెట్టు. జనం గోవింద కొట్టారు. నాలుగో మెట్టు మీద ఎడమకాలు పెట్టి ఆగాడు. హార్మోనియం వాయించే ఏబెల్ మామ శ్రుతి పట్టుకుని ఎదురుచూశాడు. పద్యం రాలేదు.

నాయన కళ్లు మూసుకున్నాడు. ఆయన ఏం చేస్తున్నాడో ఆ మైదానంలో నాకూ అమ్మకూ మాత్రమే తెలుసు. కాలును వెతుకుతున్నాడు. అమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి.

ఆయన కళ్లు తెరిచాడు, పైకి చూడలేదు. కాలి వైపు చూసుకున్నాడు. మెల్లగా, ఒక్కొక్క మెట్టే, దిగి వచ్చాడు. విల్లు తీసి తమ్ముడి భుజానికి తగిలించాడు.

"నా కాలు ఈడ లేదురా. నీది ఉండాది. ఎక్కు."

"అన్నా, బయం."

"బయాన్నీ నీతోపాటు ఎక్కనీ. తోసెయ్యగాకు. పద్యం నేను పాడతా, నువ్వు మెట్టు సూడు."

మాను మొదలు దగ్గర కుర్చీ వేసి మైకు తెచ్చిపెట్టాం. నాయన కిరీటం తీసేశాడు. అమ్మ ఆయన తల మీద తడిగుడ్డ వేసి గొడుగు పట్టింది. చిన్నాయన మెట్టెక్కాడు. కాలు ఆనేదాకా నాయన ఆగాడు, ఆనినాక పాడాడు. పద్యం ముగిసేదాకా చిన్నాయన ఆగాడు, ముగిసినాక ఎక్కాడు.

పన్నెండో మెట్టు దగ్గర చిన్నాయన మానును కరుచుకుని ఉండిపోయాడు. జనంలో ఎవరో "దిగమనండప్పా" అన్నారు. నాయన చెయ్యెత్తి ఆపాడు. పాడలేదు. మైకు నోటి దగ్గరే ఉంచుకుని ఊపిరి తీసుకున్నాడు, వదిలాడు. మైదానమంతా ఆ శబ్దమే. మళ్లీ తీసుకున్నాడు, వదిలాడు. కాసేపటికి పైన చిన్నాయన వీపు కూడా అదే వరుసలో లేచి దిగడం చూశాను. అప్పుడు నాయన పద్యం అందుకున్నాడు.

పైకి చేరేసరికి గంటన్నర పట్టింది. చిన్నాయన నిమ్మకాయలు విసిరాడు. ఒకటి గురి చూసి అన్న వైపు వేస్తే, అది గొడుగు అంచుకు తగిలి అమ్మ కొంగులో పడింది. చుట్టూ ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"దేవకమ్మా, లోహితకు తమ్ముడే ఇంగ" అంది నాగరత్నమ్మవ్వ.

"వాడి గురి ఎప్పుడూ అంతే" అని అమ్మ తల దించుకుంది. కానీ ఆ కాయను పారేయలేదు.

ఇంటికి వస్తూ నాయన ఒకసారి ఆగి వెనక్కి తిరిగి మాను వైపు చూశాడు. "పద్నాలుగేళ్లు" అన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. అమ్మ గొడుగు ఇంకాస్త ఆయన మీదికి వంచింది. ఆయనకు ఇక చాలనిపించేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.

మర్నాడు పొద్దున చాప మీద ఇద్దరున్నారు. పిక్కలు పట్టేసి చిన్నాయన గోడౌనుకు సెలవు పెట్టాడు. ఫోనులో ఆవిడ ఎడమ పాదాన్ని గమనించమంది.

"నాకు రెండు పాదాలూ తెలస్తాండాయన్నా. మంట" అని మూలిగాడు చిన్నాయన.

"అట్నే పెట్టుకో" అన్నాడు నాయన కళ్లు తెరవకుండా. "పోగొట్టుకోగాకు."