ఎక్కిన గేరులోనే దిగాలి

నేను ఒక పాత పికప్ బండిని. లారీలు నన్ను బండి కింద లెక్కవెయ్యవు, ఆటోలు నన్ను చూసి పక్కకు తప్పుకోవు. ఆ రెండింటి మధ్య ఇరవై ఏళ్లు బతికాను. ఇప్పుడు ఘాటీ మొదట్లో ఉన్న సన్యాసిరావు మెకానిక్ షెడ్డు వెనక, చక్రాలు లేకుండా, ఇటుకల మీద నిలబడి ఉన్నాను. కుడివైపు తలుపు లేదు. బానెట్ కింద ఏమీ లేదు. గుండె తీసేశాక కూడా ఇంకా మాట్లాడుతోందేమిటని మీకు అనిపించవచ్చు. చెప్పకపోతే నాకు నెమ్మది లేదు, అందుకే.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఫ్యాక్టరీలో నాలాంటివి ఒకే రోజున ఎన్నో పుట్టాయి, ఒకరికొకరం ముఖాలు కూడా చూసుకోలేదు. మొదటి యజమాని నాలో చేపలూ ఐసూ మోయించాడు. ఉప్పునీళ్లు కారి కారి నా అడుగు రేకును తినేశాయి. రెండోవాడికి టెంట్ హౌసు ఉండేది. పెళ్లికీ నేనే, దినానికీ నేనే, అవే కుర్చీలు, అవే గుండిగలు. పొద్దున ఒక ఇంట్లో నవ్వినవాళ్లే సాయంత్రం ఇంకో ఇంట్లో కళ్లు తుడుచుకుంటూ అవే కుర్చీల్లో కూర్చునేవారు. మనుషుల సంగతి నాకు అక్కడే కొంత తెలిసింది. మిగతాది తవిటినాయుడు దగ్గర తెలిసింది.

తవిటినాయుడు చేతికి వచ్చేసరికి నాకు పదకొండేళ్లు. ఆయన పని రోజూ ఒకటే. పొద్దున్నే కింద పేటలో బియ్యం, ఉల్లిపాయలు, కిరాణా సరుకు ఎక్కించుకుని బొర్రమెట్ట ఘాటీ ఎక్కడం, పైన ఊళ్లలో దించడం, తిరిగి రావడం. శుక్రవారం మాత్రం పైన చింతగరువులో సంత. ఆ రోజు వచ్చేటప్పుడు అనాసలు, అల్లం, గుమ్మడికాయలు నిండా వేసుకుని దిగుతాం. ఘాటీకి ముప్పై ఒక్క మలుపులు. ఒకవైపు కొండ, ఇంకోవైపు చూడకుండా ఉంటేనే మంచిది.

ఆయనకు స్టీరింగు పట్టడం నేర్పింది మామగారు గవరయ్య. ముప్పై ఏళ్లు ఆ ఘాటీలో లారీ తోలిన మనిషి. పిల్లనివ్వడానికి ముందు అల్లుడికి ఆయన పెట్టిన పరీక్ష పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిండా నీళ్లు పోసిన ఇత్తడి చెంబు ఒళ్లో పెట్టుకుని పక్కసీట్లో కూర్చుని, "తొణక్కుండా దింపు, అప్పుడు నా కూతురి మాట ఎత్తు" అన్నాడట. తవిటినాయుడు దింపాడు, దాలమ్మను చేసుకున్నాడు. చెంబులో నీళ్లు కాస్త తక్కువే పోశాడని గవరయ్య భార్య అంటుండేదట గాని, అది ఇంటి విషయం.

గవరయ్య నేర్పినదంతా ఒక్క మాటలో ఉంది. ఎక్కిన గేరులోనే దిగాలి. కొండ ఎక్కేటప్పుడు బండికి ఏ గేరు కావాల్సి వస్తే, దిగేటప్పుడూ అదే గేరులో ఉంచాలి. అప్పుడు ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి ఉంచితే చాలు. ఘాటీ స్టాండులో డ్రైవర్లందరికీ ఇది వేదవాక్కు. నేను రెండో గేరులో మూలుగుతూ ఎక్కేదాన్ని, రెండో గేరులోనే దిగేదాన్ని. తొమ్మిదేళ్లలో నా ఒంటిమీద ఘాటీలో పడిన గీత ఒక్కటీ లేదు. బడిపిల్లల్ని పంపాలన్నా, బాలింతను పంపాలన్నా, "తవిటినాయుడి బండైతే ఎక్కు, లేపోతే రేపెల్దువు" అనేవారు పైవూళ్ల ఆడవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొత్త రంగు వేసినట్టుండేది.

కాని మంచిపేరు కొండ ఎక్కించదు కదా. నాకు వయసైంది. నిండు లోడుతో ఘాటీ ఎక్కడానికి రెండున్నర గంటలు పట్టేది. పద్నాలుగో మలుపు దగ్గర ఆవిరి కక్కేదాన్ని. కొత్త బండ్లు హారన్ కొట్టి దాటిపోయేవి. మేం వెళ్లేసరికి సంతలో మంచి సరుకంతా వాళ్లు ఎత్తేసుకునేవారు, మాకు దెబ్బతిన్న గుమ్మడికాయలు మిగిలేవి. కొత్త బండి కొనే స్తోమత తవిటినాయుడికి లేదు. నన్ను అమ్మడానికి మనసూ రాలేదు. ఆఖరికి సన్యాసిరావే ఉపాయం చెప్పాడు. పక్క జిల్లాలో వరదకు కొట్టుకుపోయి తుక్కుకు వచ్చిన పెద్ద వ్యాను ఒకటి ఉంది, దాని ఇంజిను చెక్కుచెదరలేదు, నా దానికంటే రెట్టింపు బలం. దాన్ని తెచ్చి నాకు బిగిద్దామన్నాడు.

పన్నెండు రోజులు నన్ను విప్పి పరిచారు. కొత్త ఇంజిను ఆనుకుని కూర్చునే ఇనప కాళ్లు కోసి అతికారు, రేడియేటరు పెద్దది పెట్టారు, బ్రేకు లైనింగులు కొత్తవి వేశారు. రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి కాగితాలన్నీ మార్పించారు. నా పాత ఇంజిను షెడ్డు మూలన గోనెపట్టా కింద పడి ఉంది. ఇరవై ఏళ్లు నా కోసం మూలిగిన ప్రాణి అది. నేను దానివైపు చూడనైనా లేదు. సిగ్గుగా ఉంది ఇప్పుడు తలుచుకుంటే.

"బలం ఒచ్చినాది గాని, నాయుడూ, ఒళ్లు పాతదే. కొన్నాళ్లు సూసుకుని తోలు," అన్నాడు సన్యాసిరావు. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, దాలమ్మ ముందు అద్దానికి మిరపకాయల దండ కట్టింది. మనుషులు భయపడినప్పుడు ఎంత శ్రద్ధగా అన్నీ చేస్తారో! ఘాటీలో ప్రమాదం వస్తే ఒక్క దిష్టి వల్లే వస్తుందని వాళ్ల నమ్మకం.

మొదటిరోజు ఘాటీ ఎక్కినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. మూడో గేరు! నిండు లోడుతో మూడో గేరులో, గంటా పది నిమిషాల్లో పైన ఉన్నాను. నన్ను దాటిపోయే బండ్లను నేనే దాటాను. తవిటినాయుడు ఒక్కడే కూర్చుని పకపకా నవ్వాడు. దిగేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి అలవాటుకొద్దీ రెండుకే వెళ్లింది. కొత్త ఇంజిను రెండులో గట్టిగా అరిచింది. ఆయన అరవనిచ్చాడు. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

అయిదో రోజు శుక్రవారం. అల్లుడి కొత్త ఇంజిను చూడాలని గవరయ్య కూడా ఎక్కాడు. ఎక్కినంతసేపూ ఆయన మురిసిపోయాడు. "మూడులోనేటిరా! నా లారీ కూడా మూడులో ఎక్కనేదు" అని మూడుసార్లన్నాడు. సంతలో అనాసలు, గుమ్మడికాయలు నిండా వేసుకున్నాం. కొత్త ఇంజిను వచ్చాక నిండు లోడుతో దిగడం అదే మొదలు. పదకొండు గంటలవేళ దిగుడు మొదలుపెట్టాం. తవిటినాయుడు రెండు వేశాడు. ఇంజిను అరిచింది.

గవరయ్యకు ఆ అరుపు గుండెల్లో తగిలింది. అన్నేళ్లు లారీ తోలినా, అంత గట్టిగా అరిచే ఇంజిను పక్కన ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. అల్లుడు కష్టపడి తెచ్చుకున్నది పాడైపోతుందనుకున్నాడు.

"అలగ అరిపించకు అల్లుడూ, పగిలిపోద్ది. ఏ గేరులో ఎక్కినావు?"

"మూడు మావా."

"మరి? సెప్పినాను కదా నీకు. ఎక్కిన గేరులోనే దిగాల."

తవిటినాయుడు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం నాకు బాగా గుర్తు. ఆయన చెయ్యి గేరు రాడ్డు మీద ఉంది, బిగిసి ఉంది. చేతికి తెలుసు. కాని స్టీరింగు పట్టడం నేర్పినవాడు, పిల్లనిచ్చినవాడు, పక్కన కూర్చుని చెప్తుంటే కాదనడం మావైపు లేదు. మూడులోకి వేశాడు.

అరుపు ఆగింది. ఎంత హాయిగా ఉందో! గవరయ్య తల ఊపాడు. నాకు మాత్రం తెలిసిపోయింది. బలమైన ఇంజిను మూడులో ఎక్కించగలదు గాని, మూడులో నన్ను వెనక్కి పట్టి ఉంచలేదు. ఆ మాట నా పాత ఇంజినుకు పుట్టింది, ఆ పాత ఇంజినుతోనే చెల్లిపోయింది. నేను బరువెక్కి జారుతున్నాను, ఆయన బ్రేకు తొక్కుతున్నాడు, ప్రతి మలుపులోనూ తొక్కుతున్నాడు. పైనుంచి ఆరో మలుపుకు కాలిన వాసన వచ్చింది. ఎనిమిదో మలుపులో బ్రేకు పెడలు నేలకంటా దిగిపోయింది, పట్టు లేదు. రెండులోకి వెయ్యబోయాడు. ఆ వేగానికి గేరు పడలేదు, రాడ్డు మధ్యలో ఊగింది, ఇంజినుకూ చక్రాలకూ సంబంధం తెగిపోయింది.

తొమ్మిదో మలుపులో లోయ ఎడమ చేతివైపు, కొండ కుడిచేతి వైపు. ఎడమసీట్లో గవరయ్య. తవిటినాయుడు నన్ను కుడివైపు తిప్పాడు. తన వైపు తిప్పాడు. నా కుడి తలుపు రాతిలోకి వెళ్లింది, అనాసలు రోడ్డంతా దొర్లాయి, నేను ఆగాను. గవరయ్యకు మోచేయి చీరుకుంది, అంతే.

తవిటినాయుడి కుడి మోకాలు ఇక వంగదన్నారు డాక్టర్లు. బ్రేకు తొక్కే కాలు.

ఆసుపత్రిలో ఎవరో అడిగారట, ఏ గేరులో దింపావని. "మూడులో" అన్నాడాయన. ఇంకేమీ అనలేదు. అంతే, స్టాండంతా నోరు చేసుకుంది. కొత్త ఇంజిను పొగరన్నారు. పచ్చి డ్రైవరు కూడా ఘాటీని మూడులో దింపడన్నారు. గవరయ్య శిష్యుడై ఉండి గవరయ్య మాట తప్పాడన్నారు; వాళ్ల లెక్కలో నేను ఘాటీ ఎక్కే గేరు ఇంకా రెండే. అది మాత్రం నేను విని తట్టుకోలేకపోయాను. గవరయ్య అక్కడే, ఈ షెడ్డు ముందు బల్ల మీదే కూర్చుని విన్నాడు. మోచేతి కట్టు సర్దుకున్నాడు. నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదో నాకు తెలుసు. ఆ ఒక్క మాటే ఆయన ఆస్తి. ముప్పై ఏళ్లు తోలి ఆయన సంపాదించినది అదే. అది తప్పిందని ఒప్పుకుంటే ముసలాయనకు ఇంకేం మిగులుతుంది? తెలుసు గాని, క్షమించలేదు. బండికైనా కోపం ఉంటుంది.

మూడు నెలలకు తవిటినాయుడు కర్ర ఊతతో లేచాడు. బండి తోలలేడు. స్టాండులో బండ్ల వరస రాసే పని ఒకటి ఖాళీ అయింది. ఏ బండి ముందు, ఏ బండి వెనక, పైనుంచి ఏ లోడు ఎవరికి అని చెప్పే పని. దాలమ్మ వెళ్లి అడిగింది. "తన బండి దింపుకోలేనోడు మాకు వరస సెప్తాడేటి?" అన్నారట. ఆమె ఇంటికి వెళ్లకుండా తిన్నగా ఇక్కడికి వచ్చి, నా విరిగిన వైపు నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గవరయ్య ఆ వేళా బల్ల మీదే ఉన్నాడు. కూతుర్ని చూశాడు. లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

వారం తరవాత నా కొత్త ఇంజినును దించేశారు. పోలిరాజు అని పాతికేళ్ల డ్రైవరు కొనుక్కున్నాడు, నాలాంటి పాత బండికే బిగించుకోవడానికి. గొలుసులు కట్టి పైకి లాగుతున్నప్పుడు స్టాండు డ్రైవర్లు నలుగురైదుగురు చేరారు. తవిటినాయుడు కూడా వచ్చి ఓ పక్కన కర్ర మీద ఆనుకున్నాడు. ఆఖరిచూపు అనుకుంటాను. పోలిరాజు వెళ్లి గవరయ్య కాళ్లకు దండం పెట్టాడు.

"దీవించు తాతా. నీ మాట తప్పను. ఎక్కిన గేరులోనే దిగుతాను."

గవరయ్య చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి కుర్రాడి తల మీద ఆన్చలేదు.

"వొద్దు బాబూ," అన్నాడు. "ఆ మాట ఈ ఇంజినుకి కాదు."

అందరూ తిరిగి చూశారు.

"ఆ వేళ ఆడు రెండులోనే దింపుతన్నాడు. నానే మూడు ఎయ్యమన్నాను. నా మాట కాదననేక ఏసినాడు. ఇన్నాళ్లూ నాను నోరు మూసుకున్నాను. ఆడు నా పేరు సెప్పనేదు." ఆయన అల్లుడి మోకాలివైపు చెయ్యి చూపించాడు. "నన్ను కాసుకోడానికి కాలు ఇచ్చేసినాడు. నాను మాటైనా ఇవ్వనేకపోయినాను."

గొలుసుకు వేలాడుతున్న ఇంజిను మెల్లగా ఊగుతోంది. పోలిరాజే అడిగాడు.

"మరి ఏ గేరులో దిగాల తాతా?"

ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన మనిషి తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలీదు. ఆడినడుగు."

తవిటినాయుడు మామవైపు చూడలేదు. చూస్తే ఆయన తట్టుకోలేడని కాబోలు. ఇంజిను వైపే చూస్తూ అన్నాడు: "ఎక్కిన గేరు కంటే ఒకటి తగ్గించు. అరుస్తాది. అరిస్తే అరవనీ."

వరస రాసే పని ఆయనకింకా ఇవ్వలేదు. తప్పు ఒప్పుకోవడం ముసలాయనకు మూడు నెలలు పట్టింది, స్టాండుకు ఇంకా ఎక్కువ పడుతుంది. కాని బండికి ఇంజిను మార్చాలనుకున్నవాళ్లు ఇద్దరు ఇప్పటికే ఆయన ఇంటికి వెళ్లి అడిగి వచ్చారని సన్యాసిరావు చెప్పాడు. గవరయ్య మాత్రం రోజూ ఇక్కడికే వస్తాడు. బల్ల మీద గాక నా పక్కన కూర్చుంటాడు.

శుక్రవారం పదకొండు దాటాక ఘాటీ మీదినుంచి నా గుండె చప్పుడు వినిపిస్తుంది. రెండో గేరులో, ఒళ్లంతా అరుచుకుంటూ, ఒక్కో మలుపూ దిగుతుంది. ఆ చప్పుడు మొదలవగానే గవరయ్య మాట ఆపేస్తాడు. నా రేకు మీద చెయ్యి వేసి, వేళ్లు ముడుస్తూ మలుపులు లెక్కపెడతాడు. తొమ్మిదో మలుపు దాటేదాకా ఊపిరి పీల్చుకోడు.