నేస్తం పేరు

పార్వతికి పేరుందన్న సంగతి ఊరందరికీ తెలుసు గానీ, దేముడమ్మ నోటికి మాత్రం తెలీదు. ఒకే వీధిలో పుట్టి, ఆ వీధిలోనే కాపరాలు చేస్తున్న ఇద్దరాడాళ్లకి పేర్లు తెలీకపోవడమేమిటంటారా? తెలుసు. అనకూడదు, అంతే. చిన్నప్పుడు అమ్మవారి సంబరంలో వాళ్లిద్దరికీ పెద్దాళ్లు నేస్తం కట్టారు. గుడి ముందు నిలబెట్టి ఒకరి చేతులకొకరు పసుపు రాసుకోమన్నారు, ఒకే కొబ్బరికాయ చెరో చెక్కా తినమన్నారు. ఆ పూట నుంచి ఇది దానికి నేస్తం, అది దీనికి నేస్తం.

ఉద్దానంలో నేస్తరికమంటే మాటవరసకి స్నేహం కాదు. నేస్తం తల్లి పోతే మైల పట్టాలి. నేస్తం కూతురి పెళ్లిలో రెండో తల్లిగా పీట పక్కన నిలబడాలి. ఎంత కోపమొచ్చినా పేరు పెట్టి పిలవకూడదు. పిలిచారా, తెగిపోయినట్టే, మళ్లీ కట్టడానికి లేదు. ఆ వీధిలో కిరాణా కొట్టు పార్వతి ఇంకొకతె ఉంది. ఆవిణ్ణి కూడా దేముడమ్మ "ఆ పప్పులావిడ" అనేదే తప్ప నోరు జారేది కాదు. అంత జాగ్రత్త!

పార్వతికి కడుపు పండలేదు. దేముడమ్మ కూతురు భవ్యశ్రీ సగం ఈవిడ ఒళ్లోనే పెరిగింది. ఆ పిల్లకి ఊహ తెలిసేసరికి వీధిలో ఒక్కొక్కరికీ కిడ్నీలు చెడి, కాళ్లు వాచి మంచం ఎక్కుతున్నారు. నీళ్లన్నారు, మట్టన్నారు, ఎండపని అన్నారు, వచ్చిన డాక్టర్లల్లా పరీక్షకని సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు, ఇదీ కారణమని తేల్చి చెప్పినవాళ్లు లేరు. అప్పుడు పార్వతే మొండికేసింది. "గుంటని ఈ నీల్లకి దూరంగా పంపీ నేస్తం. టెక్కలిలో హాస్టల్లో ఎయ్యి. మనకి బెంగైతే అవనీ, అది బతకాల" అంది. పంపాక తనే నాలుగు రోజులు అన్నం మానేసింది.

ఆ పిల్ల చదువుకుని విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. పార్వతికేమో ఆ జబ్బే పట్టింది. రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి వెళ్లి రక్తం కడిగించుకుని రావాలి. సూదులు పొడవడానికి ఎడంచేతి నరాలు కలిపి కుట్టారు. అది తాడులా ఉబ్బి, పైన చెయ్యి వేస్తే లోపల తేనెటీగలు రొద పెడుతున్నట్టు జుమ్మంటుంది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దుట దేముడమ్మ వచ్చి గడపలో కూచుంది.

"నేస్తం, టెక్కలి నుంచి గుంటని సూడ్డానికి వొస్తన్నారు. బుదవారం."

"ఎంత సల్లని కబురు సెప్పేవు! జడ నానే ఎయ్యాల. నువ్వు ఏత్తే కొబ్బరితాడు పేనినట్టుంటాది."

"నీ నోరు పడిపోను!" అని నవ్వింది గానీ దేముడమ్మ లేవలేదు. కొంగు చివర మెలిపెట్టింది, విప్పింది. ధాన్యం బాగోలేదంది, కోడిపెట్ట గుడ్లు మానేసిందంది. చివరికి "బుదవారం నీకు ఆస్పత్రి గదా" అంది మెల్లిగా.

"అయితే ఏటి?" అంది పార్వతి.

దేముడమ్మ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

కిందటేడు ఒక సంబంధం వచ్చి, వీధిలో ఎవరెవరికి జబ్బుందో వాకబు చేసుకుని, కాఫీ అయినా ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. ఆ బెంగ దేముడమ్మ గుండెల్లో రాయిలా ఉంది. పార్వతికీ తెలుసు. కానీ తెలిసిన సంగతి తన మీదకి వస్తుందని ఎవరనుకుంటారు?

బుధవారం పలాస బస్సు వెళ్లిపోయింది. పార్వతి ఎక్కలేదు. పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, కనకాంబరాలు కట్టి, పెరటి దారిన దేముడమ్మ ఇంటికి వచ్చింది. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు, వట్టికాళ్లతోనే వచ్చింది.

"పెద్దమ్మా, ఇయాల ఆస్పత్రి కాదేటి?" అని భవ్యశ్రీ గాభరా పడింది.

"రేపెల్తాను. ఒక్క రోజుకి కొంప ములిగిపోదు. తల తిప్పకు, పాయలు ఊడిపోతాయి."

వంటింటి గుమ్మంలో దేముడమ్మ ఆమెని చూసి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేస్తానికి సంబరమెక్కువై మాట రావడం లేదనుకుంది పార్వతి.

పెళ్లికొడుకు తండ్రి జగన్నాథరావు, తల్లి ఉషారాణి కారు దిగారు. వాళ్ల సంచిలో నీళ్ల సీసాలున్నాయి. దేముడమ్మ కాఫీ తెచ్చి, "పలాస నుంచి తెచ్చిన కేను నీల్లతోనే కలిపేనండి" అని రెండుసార్లు చెప్పింది. "ఇప్పుడే తాగొచ్చామమ్మా" అన్నారు వాళ్లు. వేయించిన జీడిపప్పు మాత్రం తిన్నారు. పిల్ల నచ్చింది. ఉషారాణి మంచి మనిషే, జడ చూసి మురిసిపోయింది.

"ఎవరమ్మా వేశారు? ఎంత ముచ్చటగా ఉందో!"

"మా పెద్దమ్మండి" అంది పిల్ల.

తలుపు చాటునున్న పార్వతిని చూసి ఉషారాణి లేచి వచ్చింది. "మీరలా నిలబడ్డారేం, రండి" అని ఎడంచెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. జాకెట్టు గుడ్డ కింద నరం జుమ్మంటోంది.

"మా అన్నయ్య చెయ్యి కూడా ఇలాగే కొట్టుకునేది" అంది ఉషారాణి. చెయ్యి విసిరి కొట్టలేదు పాపం, మెల్లిగా వదిలింది. దేముడమ్మ వైపు తిరిగి, "ఈవిడ మీకేమవుతారండీ?" అని అడిగింది.

జగన్నాథరావు జీడిపప్పు పళ్లెం కింద పెట్టాడు.

దేముడమ్మ కూతురి మొహం చూసింది. గుమ్మం బయటి కారు చూసింది. నేస్తం మొహం మాత్రం చూడలేదు.

"పార్వతీ," అంది. "ఇక్కడేటి సేత్తన్నావు? పెరట్లో గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి." తర్వాత వాళ్లతో, "తోటలో జీడిపిక్కలేరడానికొస్తాదండి. పిల్ల సనువుకొద్దీ వరస పెట్టి పిలుత్తాది" అంది.

ఆ పేరు ఆ నోట వినగానే కిరాణా పార్వతి వచ్చిందేమోనని పార్వతి వెనక్కి తిరిగి చూసింది. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు.

"అమ్మా!" అని భవ్యశ్రీ చివాల్న లేచింది.

"కూకో తల్లీ, సీర నలిగిపోతాది" అంది పార్వతి. దేముడమ్మతో, "ఎల్తన్నానమ్మగారూ" అంది.

పెరట్లోకి వెళ్లి నిజంగానే గిన్నెలు తోమింది. మాడిన మూకుడు కూడా వదల్లేదు. లోపలి మాటలు కిటికీలోంచి వినిపిస్తూనే ఉన్నాయి. ముందు గుసగుసలు, తర్వాత జగన్నాథరావు గొంతు, తర్వాత ముహూర్తాల మాట. కుదిరిందని తెలియగానే పార్వతికి ప్రాణం లేచొచ్చింది. గుంట గట్టున పడింది! ఆ ఆనందంలోనే ఒక సంగతి తట్టి, చేతిలో చెంబు జారిపోయింది. వారంలో ఇన్ని రోజులుండగా, తను ఆసుపత్రిలో ఉండే బుధవారమే వాళ్లని ఎందుకు రమ్మన్నదో అప్పుడర్థమైంది. అది తెలీక, రక్తం కడిగించుకోవడం కూడా మానుకుని పరుగెత్తుకొచ్చింది తను. అంత మాట నేస్తం నోట అనిపించింది తనే గదా అనుకుంది పిచ్చిది.

తోమిన గిన్నెలు బోర్లించి, వీధిలోకి రాకుండా పెరటి వెనక జీడితోటలోంచి ఇంటికి నడిచింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఆగి మళ్లీ నడక.

దీపాలు పెట్టే వేళకి ఇంటి ముందు ఇసకలో అడుగుల చప్పుడైంది. ఆ అడుగులెవరివో పార్వతికి వేరే చెప్పాలా? గోడకి చేరబడి కూచున్నదల్లా గుమ్మం వైపు తిరిగింది.

అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. బయట గాజులు కదిలాయి. దేముడమ్మ గొంతు సవరించుకుంది. "ఇదిగో..." అంది. ఆగింది. "ఏమే..." అంది. మళ్లీ ఆగింది. పేరు అనడానికి నోరు రాదు. నేస్తమనడానికి ఇక ఏ మొహం పెట్టుకుంటుంది? అలా గుమ్మం బయటే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

లోపల మంచం మీద పార్వతి మొగుడు గోవిందరావు తలెత్తాడు.

"ఎవులే బయట?"

"పిలిత్తే తెలుత్తాది గదా మావా. ఉండు, పిలవనీ."

ఒక్కసారి నోరారా పిలిస్తే చాలు, వాచిన కాళ్లతోనే లేచెళ్లి కావిలించుకునేది. తెగిందో లేదో అమ్మవారు చూసుకునేది. తనే పిలుద్దామని పార్వతి కూడా నోరు తెరిచింది. నేస్తమనాలో అమ్మగారనాలో తేలక మళ్లీ మూసుకుంది.

చాలాసేపటికి అడుగులు ఇసకలో వెనక్కి వెళ్లిపోయాయి. తలుపేసుకోమన్నాడు గోవిందరావు. "ఉండనీ మావా" అంది పార్వతి, గుమ్మం వైపే చెవి పెట్టుకుని.