టక్కుమంటేనే పాట

నేను ఒక కరెంటు ఆర్గన్‌ను. ఊపిరి లేకుండా పాడతాను కనుక, నాలో నేనంటూ ఎవరైనా ఉన్నారా అన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది. ఏదో చలిదేశంలో నన్ను చేశారు. ఓడలో మద్రాసు చేరి, ఒక హోటల్లో పదేళ్లు భోజనాల మధ్య మోగాను. మనుషులు తింటూ సంగీతం వినరు; అది ఆగితే మాత్రం తలెత్తి చూస్తారు. హోటలు మూతపడ్డాక, వేళ్లు నొక్కే మెట్లు అరిగిపోయి బందరులోని ఈ చర్చికి వచ్చాను. నలభై ఏళ్లుగా, ఇక్కడ వాయించే దయారత్నంగారి వేళ్లు తప్ప వేరేవి ఎరగను.

ఇప్పుడు నన్ను బాగుచేసేవాళ్లు లేరు. నా స్వరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని సంఘపెద్ద ఆనందపాల్ తేల్చాడు. దయారత్నంగారి మేనకోడలు షారోను హైదరాబాదులో రికార్డింగు పని చేస్తుంది. మైకులు తెచ్చి, మూడు రోజులు నా ఒక్కొక్క మెట్టూ నొక్కి ఎక్కించుకుని, అందులోంచి నా హోరూ గురకా తుడిచేసింది. స్పీకరులో నన్ను నేను విన్నాను. పెళ్లిసంబంధాలకు పంపే ఫొటోలా ఉన్నాను.

ఆదివారం ఆరాధనలో దయారత్నంగారు నా స్వరాలు పలికే కొత్త కీబోర్డు నొక్కారు. స్వరం వచ్చింది, పాట రాలేదు. పాడేవాళ్లు ఇరవైమందీ నోళ్లు తెరిచి నిలబడ్డారు. మళ్లీ నొక్కారు. కరుణమ్మ ఒక్కతే ఎత్తుకుని, సిగ్గుపడి ఆగిపోయింది.

"ఏంటమ్మా, అందరికీ ఒకేసారి గొంతు పోయిందా?" అన్నాడు ఆనందపాల్.

"గొంతుకేమండీ, ఉంది. అది టక్కుమనలేదుగా, ఎట్టా ఎత్తుకునేది?" అంది కరుణమ్మ.

స్వరానికి ముందు నా అరిగిన మెట్టు టక్కుమని చిన్నగా దగ్గుతుంది. ఇన్నేళ్లూ వాళ్లు ఊపిరి పీల్చుకున్నది ఆ దగ్గు మీదే. దయారత్నంగారు మాత్రం తాను తల ఊపితే పాడుతున్నారనుకున్నారు, పాపం.

"చెత్త అనుకుని తీసేశాను మావయ్యా," అంది షారోను.

"మీ అత్తా అంతేనే. ఇల్లు సర్దిందంటే నా కళ్లజోడు కనపడదు."

షారోను ఈసారి నా దగ్గుల కోసం మైకులు పెట్టింది. వంద తీసింది. ఏ రెండూ కలవలేదు. పొద్దున ఒకటి, ఎండెక్కాక ఒకటి, జల్లు పడితే ఇంకొకటి.

"ఇంకెన్నాళ్లమ్మాయ్? సామాన్లవాడు బండి పట్టుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు," అన్నాడు ఆనందపాల్.

"అసలుది ఏదో తేలాలిగా అంకుల్! వానాకాలంది కూడా తియ్యాలి."

బండి ఖాళీగా వెళ్లిపోయింది. అప్పటినుంచీ ప్రతిసారీ కొంచెం వేరుగా దగ్గుతున్నాను. అది నా తెలివో, బందరు గాలిలోని ఉప్పు తేమో నాకే తెలియదు. మనుషులు తమ స్వభావం అని చెప్పుకునేదీ బహుశా ఇలాంటిదే.