కింది అంతస్తుకు వినబడే ఇల్లు

ఫిట్టరు పొద్దున్నే కాఫీ కలుపుకొని, తన గది కిటికీని అంగుళమంత తెరిచి, ఆ సందులోంచి వీధిని చూస్తూ తాగేవాడు. అంతకన్నా తెరిస్తే ఎదురింటివాళ్లు తమ కిటికీ మూసుకొనేవారు. ఆ పరాయి నగరంలో అతడు మొదట నేర్చుకున్న మర్యాద అది. ఆ తర్వాత బూట్లు చేతబట్టుకొని, మేజోళ్లతోనే మెట్లు దిగి, వీధి గుమ్మం దగ్గర తొడుక్కొనేవాడు. ఈ జాగ్రత్తంతా కింది అంతస్తావిడ కోసమే. ఆవిడకు అదీ చాలలేదు.

"నువ్వు పనికి పోవడం ఆలస్యం, నా నెత్తిమీద దబదబా నడకలు మొదలు!" అంటూ ఆవిడ మెట్ల మీదే నిలేసింది.

"నేను లేనప్పుడు నడిచేదెవరమ్మా?"

"నీ పెళ్లాం, ఇంకెవరు? మడమలు నేలకేసి కొట్టి నడుస్తుంది. కుర్చీ ఎత్తి పెట్టదు, ఈడుస్తుంది."

అతని భార్య సముద్రానికి అవతల, సొంత ఇంట్లో ఉంది. అయినా ఆవిడ చెప్పిన నడక అచ్చంగా ఆమెదే. భవనం కాపలాదారును అడిగితే, తాళంచెవుల గుత్తి సర్దుకుంటూ, "మామూలేనయ్యా, ఆవిడకూ తెలుసు. పై దేశాల వాళ్లకు సామాను ముందొస్తుంది, ఇంటి చప్పుడు వెనకొస్తుంది. కిందివాళ్లకే వినబడుతుంది, ఉన్నవాడికి వినబడదు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే మాత్రం గది ఖాళీ చెయ్యాలి," అన్నాడు.

గది పోతే అన్నీ పోయినట్టే. నివాసం కుదురుకుందని తేలాకే భార్యను రప్పిస్తామని కంపెనీ షరతు పెట్టింది.

పనిచోటా అదే వరస. తన కంపెనీ అమ్మిన యంత్రాన్ని బిగించి, నడిపి చూపడానికి వచ్చాడతడు. స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని లోపలి అరుగుదలను వినడం అతని పద్ధతి.

"ఏమంటోందోయ్? ఇంటికి పొమ్మంటోందా?" అనేవాడు ఫోర్‌మన్, కార్ఖానా అంతా వినేలా. భోజనాలవేళ అతడు కూర్చున్న బల్ల దానంతటదే ఖాళీ అయ్యేది. మనిషిని గెంటడానికి మెడ పట్టుకోనక్కర్లేదు. కుర్చీ కాస్త జరుపుకుంటే చాలు.

ఒక సాయంత్రం అతడు తన గది నేలకు స్క్రూడ్రైవరు ఆనించి చెవి పెట్టాడు. ఏమీ వినబడలేదు. ఇనుము పడే బాధ తెలిసిన చెవికి తన ఇల్లు మాత్రం అందలేదు. తనకు దక్కని ఆ అడుగులు, వాటిని అసహ్యించుకొనే మనిషికి దక్కుతున్నాయి. అప్పుడు కలిగింది అవమానమో అసూయో అతనికే తేలలేదు.

భార్యకు ఫోన్ చేశాడు. "కాస్త మెల్లగా నడువు."

"నా ఇంట్లో నేను నడవడానికి ఆ మహాతల్లి సెలవు కావాలా?"

"నువ్విక్కడికి రావాలంటే కావాలి."

"సరే. ఏం చెయ్యమంటారో చెప్పండి."

"మేజోళ్లు వేసుకో. నేనూ అదే చేస్తున్నాను."

"నట్టింట్లో మేజోళ్లా! కొత్త కోడలిగా వచ్చినప్పుడు కూడా ఇంత అణకువ లేదు నాకు," అని నవ్వి, వేసుకుంది.

ఇక్కడ నేల చెక్క, అక్కడ నేల నున్నటి పాలరాయి. పరాయి నేల మీద ఒదిగి నడవడం నేర్చుకొనే తొందరలో మనిషి సొంత నేల గుణం మరిచిపోతాడు కాబోలు.

తర్వాత కొన్నాళ్లు కింది అంతస్తు ఊరుకుంది. ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంటి చెప్పులతోనే కార్ఖానాలోకి దూసుకొచ్చింది.

"ఫిర్యాదు ఇక్కడిదాకా వచ్చిందిరోయ్!" అన్నాడు ఫోర్‌మన్ సంబరంగా. ఆవిడ అతణ్ణి పక్కకు నెట్టేసింది.

"నీ పెళ్లాం పడిపోయింది," అంది ఫిట్టరుతో. "జర్రున జారిన చప్పుడు, ఆ వెంటనే దబ్బుమని ఇంకోటి. మళ్లీ లేవలేదు. కుక్కరు కూతమీద కూత వేస్తోంది, కట్టే దిక్కు లేదు. ఫోన్ చెయ్యి! మొద్దులా నిలబడతావేం?"

భార్య ఎత్తలేదు. మారు తాళంచెవి ఉన్న పక్కింటి పిన్నిగారికి చేశాడు. ఆమె తలుపు తీసి, ఫోన్‌లోనే బావురుమంది. "తల పగిలింది బాబూ, నెత్తురు మడుగు కట్టింది! ఊపిరుంది, ఊపిరుంది!"

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని ఆసుపత్రిలో అన్నారట.

ఆ సాయంత్రం అతడు కింది అంతస్తు తలుపు తట్టాడు. గొలుసు తియ్యకుండానే ఆవిడ తలుపు ఓరగా తెరిచింది.

"బతికిందమ్మా. మీ దయ."

"దయా లేదు, గియా లేదు. ఆ కూత భరించలేక వచ్చాను. మేజోళ్లు వేసుకోమన్న తెలివి నీదేనా?"

అతడు తల వంచుకున్నాడు.

"అనుకున్నాను. గది ఖాళీ చేయించవద్దని కాపలాదారుతో చెప్పాను. ఆమెను త్వరగా రప్పించుకో. అంత దూరాన ఉండి చప్పుడు చేస్తే, నేనెవరి తలుపు కొట్టి తిట్టాలి?" తలుపు ధడాలున మూసుకుంది.

కొన్ని వారాలు గడిచాయి. భార్య ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిందని, ఇంకా మంచం దిగలేదని పిన్నిగారు చెప్పింది. ఒక సెలవు రోజు పొద్దున అతడు అంగుళం తెరిచిన కిటికీ దగ్గర కాఫీ కప్పుతో కదలకుండా నిలబడి ఉన్నాడు. కాలికింద, నేల అడుగునుంచి కింది అంతస్తావిడ కర్రతో పొడిచిన చప్పుడు. ఒకసారి, రెండోసారి, ఆ తర్వాత కోపంగా వరసపెట్టి.

అక్కడ భార్య లేచి నడుస్తోందన్నమాట!

ఫిట్టరు కప్పు కిందపెట్టి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. ఎదురింటివాళ్లు తమ కిటికీ మూసుకున్నారు.