కొట్టేసిన మాట

కువైట్ యుద్ధం ముగిసిన వారానికి, పక్క దేశంలోని బురైదాలో ఖర్జూర తోటల దారిన నడిచిపోతున్న నా తమ్ముడు సదానందాన్ని నీళ్ళ ట్యాంకరు గుద్దింది. వాడు తాపీమేస్త్రీ. నేను అదే దేశంలో, ఖోబర్‌లో మన పిల్లలకు చరిత్ర చెప్పే పంతులును.

అక్కడ ఇలాంటి చావుకు, గుద్దినవాళ్ళు ఇంటివాళ్ళకు కట్టే రక్తధనం ఉంటుంది. పూర్తి మొత్తం లక్ష రియాళ్ళు. హిందువుకు అందులో పదిహేనో వంతు. కోర్టు గుమాస్తా ఆ లెక్కను బస్సు చార్జీ చెప్పినట్టు చెప్పాడు.

శవాన్ని పంపాలన్నా, ఆ డబ్బు తీసుకోవాలన్నా మా అమ్మ ముత్యవ్వ నాకు అధికారమిస్తూ కాగితం పంపాలి. అయిదు వారాలకు వచ్చింది. అమ్మ వేలిముద్ర, మండలాఫీసు ముద్ర, ఢిల్లీ ముద్రలు. దస్తావేజు రాసినాయన "నా కొడుకు వెల కింద వచ్చే సొమ్ము" అని రాశాడు.

వెల అన్న మాట కొట్టేసి పైన "నష్టపరిహారం" అని రాశాను. ఎర్రసిరాతో. ఇరవయ్యేళ్ళ అలవాటు.

అజీజియా పేటలో అరబ్బీలోకి తర్జుమా చేసే ఆఫీసువాడు కాగితాన్ని వెనక్కి తోశాడు. ముద్ర పడ్డాక గీత పడితే చెల్లదట.

బురైదా వెళ్ళి, తమ్ముడి గదిలో ఉండే భోజన్నకు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"పిల్లల పరీక్ష పేపరనుకున్నరా సారూ? గా మాట ఉంటే ఏం పోయేది?"

"తమ్మునికి వెల కట్టిన కాగితం నా చేత్తో ఎట్లియ్యాలె?"

"కట్టింది వాళ్ళు. మీరు దిద్దితే పదిహేనో వంతు పదహారణాలైతదా?"

తొమ్మిదో తరగతికి ఒక పాత గ్రీకు ఆలోచన చెబుతాను: నాణేనికి విలువ పుట్టుకతో రాదు, మనుషులు ఒప్పుకుంటే వస్తుంది. కువైట్‌లో పాత దీనార్లు చెల్లవన్నాక దాన్ని వివరించే పని కూడా తప్పింది. మనిషి విలువా అంతేనా అని పిల్లలెవరూ అడగలేదు.

తమ్ముడితో ఒకే గోడ కట్టిన ఘనా దేశపు మేస్త్రీ ఇస్సాక్ చాయ్ పోస్తూ, వచ్చీరాని హిందీలో అన్నాడు: "మా పెద్దల మాట మాస్టర్. బంగారాన్ని పిలిచాను, పలకలేదు. బట్టను పిలిచాను, పలకలేదు. పలికేది మనిషే."

"కోర్టోళ్ళను గూడ రెణ్ణెల్ల సంది పిలుస్తున్నం. వాళ్ళూ పలుకుతలేరు," అన్నాడు భోజన్న.

అక్కడే కూర్చుని ఇంటికి ఉత్తరం రాశాను. కొత్త కాగితం పంపమన్నాను. వెల అన్న మాట అట్లాగే ఉండనీయమన్నాను.

ఆ కాగితం ఇంకా రాలేదు. సదానందం బురైదా శవాగారంలోనే ఉన్నాడు.