తప్పు, మళ్ళీ

ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్ష. నియమాలు పద్నాలుగు. గదిలో అభ్యర్థి తప్ప పురుగు కూడా ఉండకూడదు. తలుపు వేసి ఉండాలి. చూపు తెర దాటకూడదు. అంతవరకూ బాగానే ఉంది. తొమ్మిదోది చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. పెదవులు కదపకూడదట! ఇరవై రెండేళ్ళు పెదవులు కదిపి బతికిన మనిషిని నేను. నలభై ఎనిమిదో ఏట ఇప్పుడు కదపొద్దంటే ఎవరితో మొరపెట్టుకోను?

మాది మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగం. పెట్టె మీద అచ్చయిన నంబరూ, కాగితం మీది నంబరూ ఒకటేనా అని చూడటం మా పని. ఒకరు పెట్టె చూసి ఒకసారి, కాగితం చూసి ఒకసారి అంకెలు పైకి చదవాలి. రెండో మనిషి దేన్నీ చూడకూడదు, వినాలంతే. రెండుసార్లూ ఒకటే వినబడితే "సరే" అనాలి. తేడా వస్తే "తప్పు, మళ్ళీ" అనాలి. కళ్ళు మోసం చేస్తాయి గానీ చెవులు చేయవని మా సూపర్‌వైజర్ గట్టి నమ్మకం. చదివేది నేను, వినేది మా ఆయన. మా పెళ్ళి ఆ బల్ల దగ్గరే కుదిరింది. నేనేం చదివినా ఆయన సరే అంటారని ఫ్యాక్టరీ అంతా మమ్మల్ని ఏడిపించుకు తిన్నారు.

పోయినేడు ఆ బల్ల తీసేసి కెమెరా పెట్టారు. మా ఇద్దరినీ ఒకే రోజు ఇంటికి పంపేశారు.

నేను ఏడ్చాను, తిట్టాల్సినవాళ్ళని తిట్టాను, మర్నాటి నుంచి దరఖాస్తులు పెట్టాను. ఆయన ఏమీ చేయలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని కూరగాయలు తరగడం మొదలుపెట్టారు. అడిగితే "ఊఁ". అడగకపోతే అదీ లేదు. అలా నెలలు గడిచాయి. మనిషి ఎదురుగా ఉండి కూడా లేనట్టుంటే ఎంత భయమేస్తుందో నాకు అంతకుముందు తెలియదు.

చివరికి ఒక కంపెనీ నన్ను పిలిచింది. "మీ అనుభవానికి వంక పెట్టలేం మేడమ్. కానీ ఈ పోస్టుకి పీజీ చదువుతూనైనా ఉండాలి. మొదటి సెమిస్టర్ పాసైన కాగితం తెండి, అప్పటిదాకా ఖాళీ ఉంచుతాం" అన్నారు. ఎప్పుడో పాతికేళ్ళ కిందటి బీఎస్సీ సర్టిఫికెట్ దులిపి, ఆన్‌లైన్‌లో ఎమ్మెస్సీకి చేరాను. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "అమ్మా, నీ వయసు వాళ్ళు మా కాలేజీలో ప్రిన్సిపాల్స్ తెలుసా?"

"నీ మొహం! ముందు ఆ మైకు ఎక్కడ నొక్కాలో చూపించు" అన్నాను.

నాలుగు పేపర్లు గట్టెక్కాయి. మిగిలింది గణాంకాలు, అదే స్టాటిస్టిక్స్. అది పోతే సెమిస్టర్ పోయినట్టే, ఉద్యోగమూ పోయినట్టే.

ఆ రోజు పొద్దున్న పదింటికి ముందు గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. పక్కనే వంటిల్లు. రెండో ప్రశ్న దగ్గరే తెర మీద ఎర్రడబ్బా వచ్చింది. పెదవుల కదలిక, మొదటి హెచ్చరిక అని. పళ్ళు బిగబట్టి రాశాను. ఆఖరి ప్రశ్నలో ముప్ఫై తూకాలు ఇచ్చి, వాటిని పట్టికలోకి ఎక్కించమన్నారు. అన్ని అంకెలు ఒక్కసారిగా కళ్ళ ముందు పడేసరికి ఏమైందో ఏమో, నా నోరు నా మాట వినలేదు. ప్రశ్న చూసి "నాలుగు ఏడు మూడు ఎనిమిది" అని చదివాను. పట్టికలో కొట్టి, దాన్ని చూసి "నాలుగు మూడు ఏడు ఎనిమిది" అన్నాను.

"తప్పు! మళ్ళీ!"

వంటింట్లోంచి. ఇల్లంతా వినబడేలా.

నా చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి అంకె దిద్దింది. మరుక్షణం తెర ఎర్రబడింది. పరీక్ష నిలిపివేయబడింది.

తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆయన చేతిలో సగం తరిగిన బీరకాయతో బిత్తరపోయి చూస్తున్నారు. నాకు కళ్ళు కనపడలేదు.

"ఎనిమిది నెలలు నోరు మూసుకున్నారు కదా! ఇంకో గంట మూసుకోలేకపోయారా? కొంప ముంచారు కదండీ!"

ఆయన తల దించుకున్నారు. ఆ తర్వాత "ఊఁ" కూడా ఆగిపోయింది. అన్నం పెడితే తిన్నారు, లేకపోతే లేదు. అన్న మాట వెనక్కి తీసుకోవాలని నాకు రోజుకి పదిసార్లు నాలుక చివరిదాకా వచ్చేది. తీసుకోలేదు. నా పొగరు నాది.

వారం తర్వాత ఆన్‌లైన్‌లోనే విచారణ అన్నారు యూనివర్సిటీ వాళ్ళు. మా అమ్మాయి ఉపాయం చెప్పింది. "నాన్న పక్కింటి పాపకి లెక్కలు చెప్తున్నాడని చెప్పమ్మా. 'తప్పు, మళ్ళీ' అంటే ఎవరైనా నమ్ముతారు. పక్కింటి ఆంటీ కూడా అవునంటానన్నారు."

నిజమే, నమ్ముతారు. అదే చెప్పాలని గట్టిగా అనుకుని కూర్చున్నాను.

తెర మీద ముగ్గురున్నారు. ఒక పెద్దాయన, ఏదో రాసుకుంటున్న కుర్ర అధికారి, మాకు గణాంకాలు చెప్పే మేడమ్. ఆమె నాకంటే పదేళ్ళు చిన్న. ముందుగా రికార్డింగు వినిపించారు. ఎవరివో కాదు, నా అంకెలే. ఆ వెంటనే ఆయన గొంతు.

ఆ రోజు కోపంలో నేను ఆ గొంతు విననే లేదు. ఇప్పుడు విన్నాను. పాత గొంతు. పది యంత్రాల మోతలో కూడా నా చెవిన పడే గొంతు. ఎనిమిది నెలలుగా చచ్చిపోయిందేమో అని నేను భయపడుతున్న గొంతు.

"ఆ మాట మీతో అన్నదేనా?" అని పెద్దాయన అడిగారు.

పక్కింటి పాప అనాలి. నోరు తెరిచాను. వెనక తలుపు సందులో ఆయన నిలబడి ఉన్నారని నాకు తెలుసు. పాప అంటే, ఇన్నాళ్ళకి ఆయన పట్టుకున్న ఒక్క తప్పూ ఆయనది కాకుండా పోతుంది.

"నాతోనేనండి. ఆయన మా ఆయన. నేను తప్పు చదివాను, ఆయన పట్టుకున్నారు."

గణాంకాల మేడమ్ ముందుకు వంగారు. ఆమెకి నామీద దయ ఉందని మొహమే చెబుతోంది. "కంగారు పడకుండా చెప్పండి. ఆ మాట వినబడ్డాక మీరు జవాబు మార్చలేదు కదా?"

"మార్చాను."

"ఆలోచించి చెప్పండి."

"మార్చానండి. తప్పని చెప్పాక మార్చకుండా వదిలెయ్యడం మాకు రాదు."

పేపరుకి సున్నా వేశారు. ఆరు నెలల తర్వాత మళ్ళీ రాసుకోవచ్చన్నారు. నిజం చెప్పినందుకు సీటు మాత్రం ఉంచారు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆరు నెలలు ఆగలేం మేడమ్ అని మర్యాదగానే చెప్పారు. ఫోన్ పెట్టేసి కాసేపు గోడ చూస్తూ కూర్చున్నాను. మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ ఇంట్లో మాట్లాడనివాళ్ళు ఇద్దరయ్యారు.

మూడో రోజు మళ్ళీ పరీక్షకి ఫారం నింపడానికి కూర్చున్నాను. తలుపు బార్లా తెరిచే పెట్టాను. వంటింట్లో కత్తి చప్పుడు వినబడుతోంది. యూనివర్సిటీ పంపిన ఉత్తరం చూసి నా రిజిస్టర్ నంబరు పైకి చదివాను. "రెండు తొమ్మిది ఐదు సున్నా ఆరు ఒకటి." ఫారంలో సరిగ్గానే కొట్టి, కావాలనే చివరి రెండూ తారుమారు చేసి చదివాను. "రెండు తొమ్మిది ఐదు సున్నా ఒకటి ఆరు."

కత్తి ఆగింది. కాసేపటికి కత్తి మళ్ళీ కదిలింది.

నాకు ఏడుపొచ్చింది. గొంతు సవరించుకుని ఇంకోసారి అదే తప్పు ఇంకా గట్టిగా చదివాను. ఏమీ లేదు. మూడోసారీ అదే చదివాను.

"నువ్వు కావాలని చదువుతున్నావు."

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతులు తడిగా ఉన్నాయి.

"మీకెలా తెలుసు?"

"నువ్వెప్పుడూ చివరివి తప్పవు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. నువ్వు తప్పేది మధ్యవే." తడి చేతులు తుడుచుకుంటూ, "ఆ రోజు కూడా అంతే" అన్నారు.

"ఆ రోజు వంటింట్లో నేను మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సిందండీ" అన్నాను.

ఆయన వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు, తెర వైపు చూడకుండా, చెవి నా వైపు పెట్టి. నేను ఉత్తరం దగ్గరికి లాక్కుని, మధ్య అంకెలు జాగ్రత్తగా చూసుకుంటూ మొదటి నుంచి చదివాను.